ఏసుమణి పారబోసిన నీళ్లు

లాంచీ ఇంకా రేవుకు తగలనే లేదు, ఏసుమణి లేచి నిలబడింది.

"కూర్చోవే! నీళ్లలో పడతావు," అంటూ ఓబులమ్మ ఆమె పావడా పట్టి లాగింది.

"వచ్చేసినాం కదే! అదో, గుడి గోపురం కనపడతాండాది!"

కర్నూలు కాన్వెంటు బడి పిల్లలు గోవా చూడటానికి వచ్చారు. అది 1952 డిసెంబరు. అప్పటికి గోవా మన దేశంలో లేదు, పోర్చుగీసువాళ్ల చేతిలో ఉండేది. గుంతకల్లులో రైలెక్కి వచ్చినా అది పరదేశమే. సరిహద్దున క్యాసిల్‌రాక్ స్టేషనులో అధికారులు అందరి పెట్టెలూ విప్పి చూస్తుంటే, ఏసుమణి కిందికి దూకి మట్టి రంగు మారిందో లేదో చూసి వచ్చింది.

ఆ పిల్ల కాలు ఒకచోట నిలవదు. దారిలో హంపి చూపించారు. అందరికన్నా ముందు పరుగెత్తింది, అందరికన్నా ముందు తిరిగొచ్చింది. ఏం చూశావని అడిగితే, చేతిలోని బెల్లం ఉండ లాక్కుపోయిన కోతి గురించి తప్ప ఇంకేమీ చెప్పలేకపోయింది.

లాంచీ ఎక్కే ముందు, వెంట వచ్చిన అగ్నేసు సిస్టరమ్మ పిల్లల్ని ఇద్దరిద్దరిగా జత చేసి, జతకొక మరచెంబు ఇచ్చింది. మూత తిప్పి బిగించే ఇత్తడి చెంబు అది. అందులో కాచి చల్లార్చిన నీళ్లు.

"శానా జనం వస్తారు. యాడంటే ఆడ నీళ్లు తాగితే రోగాలొస్తాయి. సాయంత్రం దాకా మీకు ఇవే నీళ్లు," అని గట్టిగా చెప్పింది.

ఏసుమణికి జత ఓబులమ్మ. ఓబులమ్మకు రైలు పడలేదు. దారి పొడవునా వాంతులే. అందుకని చెంబు మోసే పని ఏసుమణి మీద పడింది. నడిచినప్పుడల్లా అది మోకాలికి కొట్టుకునేది. పరుగెత్తనిచ్చేది కాదు.

రేవులో దిగి ఏసుమణి చుట్టూ చూసింది. ఇంత నిండుగా ఉన్న ఏరు ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వాళ్లది నందికొట్కూరు పక్కన పల్లె. ఎండాకాలంలో బిందెడు నీళ్ల కోసం వాళ్లమ్మ బావి దగ్గర పొద్దెక్కేదాకా నిలబడేది. ఇక్కడ చూస్తే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నీళ్లే!

'ఇన్ని నీళ్లు ఉండంగా ఈ బరువు ఎందుకు మోయల్ల? కావాలంటే ముంచుకోవచ్చు,' అనుకుంది. ఎవరూ చూడకుండా మూత తీసి చెంబు బోర్లించింది. ఖాళీ చెంబు ఊపుకుంటూ ముందుకు ఉరికింది.

పాత గోవా నిండా జనమే జనం. క్రైస్తవ పునీతుడు, అర్చ్యశిష్ట ఫ్రాన్సిస్ శౌరివారి దేహాన్ని పెద్ద చర్చి గుడిలో అందరికీ చూపిస్తున్నారు. నాలుగు వందల ఏళ్ల కిందట చనిపోయిన మనిషి, అయినా దేహం చెడిపోలేదట! ఆయన్ను చూడాలనే ఏసుమణి ఇంట్లో అన్నం మానేసి మరీ ఒప్పించుకుని వచ్చింది.

వరుస కదలడం లేదు. ఎండ మాడుస్తోంది. ఏసుమణి కాసేపు ఒక కాలి మీద నిలబడింది, కాసేపు ఇంకో కాలి మీద. "ఇంకా ఎంతసేపు సిస్టరమ్మా?" అని అడిగి అడిగి ఆమె ప్రాణం తోడేసింది.

అప్పుడు ఓబులమ్మ చెయ్యి చాపింది.

"మణీ, దప్పికైతాండాదే. నీళ్లియ్యి."

ఏసుమణికి అప్పుడు ఖాళీ చెంబు గుర్తొచ్చింది. "ఉండు, ఇప్పుడే తెస్తా," అని ఏటికి పరుగెత్తి, నిండా ముంచుకొచ్చింది.

ఓబులమ్మ ఆత్రంగా రెండు గుక్కలు మింగింది. మూడో గుక్క ఊసేసింది. వెంటనే వాంతి చేసుకుని, నేల మీద కూలబడింది.

ఏసుమణి చెంబులో వేలు ముంచి నాకి చూసింది. ఉప్పు! సముద్రం పోటు ఆ ఏట్లోకి ఎక్కుతుందని ఆ పిల్లకు ఏం తెలుసు? మన కర్నూలు తుంగభద్ర ఎప్పుడూ ఇట్లాంటి మోసం చేయలేదు.

సిస్టరమ్మ పరుగున వచ్చింది. "మీ మంచినీళ్లు ఏమైనాయి?"

మూత ఊడి ఒలికిపోయాయని చెప్పొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఓబులమ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"నేనే పారబోసినా సిస్టరమ్మా. బరువని."

సిస్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఏసుమణికి.

"పో. అందర్నీ అడిగి తలా ఒక గుక్క పోయించుకోని రా."

ఉప్పునీళ్లు ఒంపేసి, ఏసుమణి వరుస పొడవునా అడుక్కుంది.

"ఇప్పుడు నీళ్లు బరువు కాదా?" అని సుందరలక్ష్మి ఎత్తిపొడిచింది. అంటూనే తన చెంబు వంచి పోసింది. మిగతావాళ్లూ కొంచెం కొంచెం పోశారు. ఏసుమణి చెంబును రెండు చేతులా పట్టుకుని, చుక్క ఒలకకుండా అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది.

గోడ నీడన సిద్దమ్మ ఆయా మూటలకు కాపలా కూర్చుని ఉంది. ఓబులమ్మను అక్కడికి తీసుకుపోయారు. మెల్లమెల్లగా నీళ్లు తాగి, ఏసుమణి ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. కాసేపటికి నిద్రపోయింది.

అంతలో వరుస ఒక్కసారిగా కదిలింది. వాళ్ల వంతు వచ్చేసింది. ఇప్పుడు పోకపోతే మళ్లీ మొదటి నుంచి నిలబడాలి, అంత పొద్దు లేదు.

"ఏసుమణీ, రా!" సిస్టరమ్మ పిలిచింది. "ఓబులమ్మను ఆయా చూసుకుంటుందిలే. ఇంతదూరం వచ్చి చూడకుండా పోతావా?"

ఏసుమణి గుడి తలుపు వంక చూసింది. ఏడుపొచ్చింది.

"ఆయాకు మూటలుండాయి సిస్టరమ్మా. నా జతను నేను చూసుకుంటా. మీరు పోండి."

పిల్లలు జతలు జతలుగా లోపలికి పోయారు. లోపల్నుంచి పాట వినిపిస్తోంది. తెలియని భాష, అయినా ఎంతో బాగుంది. ఏసుమణి మెడ సాచి చూసింది. జనం వీపులు తప్ప ఏమీ కనపడలేదు.

ఒళ్లో బరువుకు కాలు తిమ్మిరెక్కింది.

"కాలు తీయమ్మీ, తల నేను పట్టుకుంటా," అంది సిద్దమ్మ.

"వద్దు, లేస్తాది," అని ఏసుమణి గుసగుసగా అంది. ఓబులమ్మ చెంప మీద వాలిన ఈగను మెల్లగా తోలింది. కాలు మాత్రం కదపలేదు.