పేలకుండా ఆగిన తుపాకీ

ఏజెంట్ భార్గవ తుపాకీ ఎక్కుపెట్టాడు. ఎదురుగా కల్నల్ దండపాణి. వెనుక మండుతున్న ఓడ. భార్గవ వేలు మీట మీద బిగిసింది.

అక్కడే ఆగిపోయాడు.

గోడ మీద బొమ్మ మాత్రం ఆగలేదు. ఓడ మండుతోంది, పొగ కదులుతోంది, దండపాణి కనురెప్పలు ఆడుతున్నాయి. భార్గవ తుపాకీ పేల్చడు, దించడు. గోడలోంచి మేడ మీద జనాన్ని చూస్తున్నాడు.

రేవు కాలనీ వాళ్లు కాసేపు ఓపిక పట్టారు. తర్వాత గొణుక్కున్నారు. చివరికి గోడల కంపెనీకి కబురు పెట్టారు.

సీరియళ్లను మనుషులు రాయడం, తీయడం మానేసి చాలా కాలమైంది. ప్రతి కాలనీ మేడ మీదా ఒక చిత్రగోడ, దాని వెనుక ఒక కథాయంత్రం. గోడ అంచుల్లో పొదిగిన చెవిపూసలు చూసేవాళ్ల మాటలు, నవ్వులు, నిట్టూర్పులు వింటాయి. జరగబోయేది ఎవరైనా ముందే ఊహించేస్తే, యంత్రం అప్పటికప్పుడు కథను ఇంకో దారికి తిప్పేస్తుంది. అందుకే ‘పదమూడో నీడ’ సీరియల్ ఒక్కో కాలనీలో ఒక్కోలా నడిచేది. పక్క కాలనీలో భార్గవకు పెళ్లయి కవలలు కూడా పుట్టారు. ఇక్కడ ఇంకా ఓడలు తగలబెడుతున్నాడు. అదంతా పైడిరాజు పుణ్యమేనని కాలనీలో అనేవారు.

పైడిరాజు రేవులో ఓడల్ని లాగే టగ్గు నడిపి మానేసిన మనిషి. మొదటి వరసలో నీలం ప్లాస్టిక్ కుర్చీ ఆయనది. దండపాణి విమానంలోంచి పడి చచ్చిపోయిన రోజు ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటుంటే, మీసం మార్చుకుని వచ్చేస్తాడు, ఏడవకండని పైడిరాజు చెప్పాడు. అలాగే వచ్చాడు. సొరచేప మింగినప్పుడూ అదే మాట. అప్పటికి యంత్రం తెలివి మీరింది. సొరచేప కడుపులోంచి దండపాణి గడ్డంతో బయటపడ్డాడు. భార్గవ ప్రేయసి శత్రువుల మనిషని తేలినప్పుడు, ఆమె పెట్టిన పులుసు రంగు చూసినప్పుడే తనకు అనుమానం వచ్చిందన్నాడు పైడిరాజు. వెనక వరసలోంచి మరదలు నూకరత్నం అందుకుంది.

“మా అక్క పులుసు ఇన్నేళ్లు తిని ఉప్పు నేదని కనిపెట్టలేనోడివి, నువ్వు గూఢచారుల్ని పడతావేటి బావా?”

మేడంతా నవ్వింది. అలా తొమ్మిదేళ్లు నవ్వింది.

వానాకాలంలో పైడిరాజుకు పక్షవాతం వచ్చింది. తర్వాత చెయ్యి స్వాధీనంలోకి వచ్చింది, కాలు సగం వచ్చింది. మాట మాత్రం రాలేదు. మాట్లాడే ప్రయత్నం చేస్తుంటే తిరిగి వస్తుందని, మానేస్తే ఎప్పటికీ రాకపోవచ్చని డాక్టరు చెప్పాడు. ఒకసారి మంచినీళ్లు అడగబోయినప్పుడు తన నోట్లోంచి వచ్చిన చప్పుడు పైడిరాజు విన్నాడు. ఆనాటి నుంచి సైగలే. మేడ ఎక్కడమూ మానేశాడు.

గోడల కంపెనీ నుంచి హైమ అనే ఇంజనీరు వచ్చింది. పరీక్షాపలకను గోడకు ఆనించి చాలాసేపు చూసింది. కాలనీ ప్రెసిడెంటు సన్యాసినాయుడు, ఏ భాగం చెడిందమ్మా అని అడిగాడు.

“ఏదీ చెడలేదండీ,” అంది హైమ. “ఎదురు చూస్తోంది.”

ఆ మాట అన్నాక ఆమే గోడ వైపు తిరిగి చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. యంత్రానికి అప్పజెప్పింది ఒక్కటే పని, జనం చూపు గోడ మీంచి కదలకుండా చూడటం. ఈ మేడ మీద ప్రతి మలుపు ముందూ ఒక గొంతు వినిపించేది. ఆ వెంటనే అందరూ నవ్వేవారు. నవ్విన జనం లేచిపోరు. అందుకని యంత్రం ఆ గొంతు కోసం కథలో కాస్త చోటు విడవడం నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. వానాకాలం నుంచి గొంతు వినిపించకపోయేసరికి ఆ చోటును రోజు రోజుకూ పెంచుకుంటూ వచ్చింది.

జనానికి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. తలుపు తీయబోతూ భార్గవ అన్నేసి గుటకలు వేయడం. దండపాణి ఊరికే కిటికీలోంచి సముద్రం చూడటం. అదంతా గొప్ప నటన అనుకున్నారు.

ఆ గొంతును యంత్రం జ్ఞాపకంలోంచి తుడిచేస్తే కథ ఇప్పుడే కదులుతుందని హైమ చెప్పింది. తుడిచాక మళ్లీ తెచ్చుకోవడం ఉండదు. తుడిచేయమన్నాడు సన్యాసినాయుడు. కాదనడానికి ఎవరికీ కారణం దొరకలేదు.

“రేపు సాయంత్రం దాకా ఆగమ్మా,” అంది నూకరత్నం.

ఆమె నేరుగా బావ ఇంటికి దిగింది. పైడిరాజు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె చెప్పినదంతా విని, తుడిచేయమన్నట్టు చెయ్యి ఊపాడు. నూకరత్నానికి కోపం వచ్చింది.

“నువ్వు రాలేదని తుపాకీ అలాగే పట్టుకుని నిలబడిపోనాడు బావా. ఆడికి మాత్రం చేతులు నొప్పెట్టవా?”

పైడిరాజు భుజాలు కదిలాయి. నవ్వాడో ఏడ్చాడో ఆమెకు తెలియలేదు.

మర్నాడు మేడ మీద నిలబడే చోటు లేదు. హైమ పలక పట్టుకుని గోడ పక్కన నిలబడింది. నూకరత్నం లేచి, గొంతు బొంగురు చేసి, బావ మాటలను బావలాగే పలికింది. భార్గవ కళ్లు ఆమె వైపు తిరిగాయి. మర్యాదగా ఒక క్షణం ఆగి, మళ్లీ నీలం కుర్చీ మీదికి వెళ్లాయి. కొందరు తెలియకుండానే చేతులు జోడించారు.

హైమ పలక మీద వేలు పెట్టబోయింది. మెట్ల మీద కర్ర చప్పుడైంది.

పైడిరాజు ఎక్కి వచ్చాడు. ఎవరినీ చూడలేదు. తన కుర్చీలో కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు. గోడ మీద భార్గవ భుజాలు కాస్త సడలాయి.

పైడిరాజు నోరు తెరిచాడు. చప్పుడు రాలేదు. పెదవి ఒక పక్కకు లాగింది. నుదురు చెమర్చింది.

“మ్...”

సన్యాసినాయుడు మాట అందించబోయాడు. నూకరత్నం అతని మణికట్టు పట్టుకుంది.

“మ్... మీ...”

ఓడ మండుతూనే ఉంది. తుపాకీ ఎత్తిన చెయ్యి అలాగే ఉంది.

“మీ... సం.”

దండపాణి ఉలిక్కిపడి మూతి తడుముకున్నాడు. మీసం ఊడి చేతికొచ్చింది. దాని కింద ఇంకో మీసం ఉంది.

అందరికంటే ముందు నవ్వింది పైడిరాజే. వంకర పోయిన నవ్వు, పెద్దగా. ఆ తర్వాత మేడంతా.

హైమ అలవాటుగా పలక చూసుకుంది. ఆ మాట కోసం కాచుకున్నంత సేపూ గోడను ఎందరు చూశారో లెక్క చూపిస్తుందది. సున్నా. కళ్లన్నీ పైడిరాజు పెదవుల మీదే. ఏదీ తుడవకుండానే పలకను మడిచి సంచిలో పెట్టేసుకుంది.

భార్గవ మళ్లీ తుపాకీ సర్దుకుని ఆగాడు. పైడిరాజు ఇంకో మాట కోసం దవడ కదిలించాడు. నూకరత్నం తన కుర్చీని ముందుకు లాక్కుంది, గోడకు వీపు పెట్టి, బావకు ఎదురుగా.

“కంగారేటి నేదు బావా,” అంది. “ఆడికి మాత్రం వేరే పనేటుంది.”