పన్నెండో పళ్ళెం

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. మా ఆయన పోయాకే పలక పట్టాను. ఒత్తులు ఇప్పటికీ తప్పుతాయి. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి, కోప్పడకండి. కోపం ఈ కథలోనే కావలసినంత ఉంది.

అద్దాల బీరువాలో పళ్ళెం లేదు.

పన్నెండు ఉండాలి. పదకొండే ఉన్నాయి.

తారాదేవి వంగి తాళం చూసింది. చెక్కుచెదరలేదు. తలుపు మీద చిన్న గీత కూడా లేదు.

ఆమె ఇన్సూరెన్స్ కంపెనీలో ఇన్వెస్టిగేటర్. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి సింగపూర్లో స్థిరపడిన కుటుంబం. పొద్దున ఆఫీసులో మేనేజరు ఫైలు చేతికిచ్చి, ఇందులో పరిశోధించేదేమీ లేదన్నాడు. పనిమనిషి రత్తమ్మ తీసింది, పోలీసులు పట్టుకున్నారు, ఒకసారి చూసి సంతకం పెట్టి రమ్మన్నాడు.

ఇల్లు సెరంగూన్లో కొత్త కాండో అపార్ట్‌మెంట్. యజమాని ధనశ్రీకి సొంత సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. అది రెండువేల సంవత్సరం. ఎవరి నోట విన్నా డాట్‌కామ్ మాటే. చేతిలో డబ్బు ఆడేసరికి ధనశ్రీకి పాత పింగాణీ మీద మోజు పుట్టింది. బీరువాలోది నీలం పువ్వుల భోజనాల సెట్టు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో తయారై, ఓడ మీద ఈ రేవుకు వచ్చి అమ్ముడుపోయిన సరుకు.

శనివారం ఇంట్లో పార్టీ జరిగింది. అమెరికా నుంచి పెట్టుబడి పెట్టేవాళ్ళు వచ్చారు. వాళ్ళకు చూపించాలని బీరువా తెరిచి ఉంచారు. ఆదివారం ఒక పళ్ళెం లేదని పోలీస్ కంప్లయింట్ వెళ్ళింది.

“రత్తమ్మే తీసింది,” అంది ధనశ్రీ. “ముట్టుకున్నానని స్టేట్‌మెంట్లో ఒప్పుకుంది కూడా. మీరు క్లెయిమ్ పాస్ చేస్తే చాలు.”

“ఆమె సామాను వెతికారా?”

“వెతికారు. దొరకలేదు.”

“పార్టీ అయ్యాక బయటికి వెళ్ళిందా?”

“లేదు. ఎవరో వచ్చి పట్టుకెళ్ళుంటారు.”

“ఎవరు?”

“నన్నడుగుతారేంటి? దాన్నడగండి.”

సోఫాలో ధనశ్రీ తల్లి కోటేశ్వరి దీపానికి వత్తులు చేసుకుంటోంది. తల ఎత్తలేదు.

తారాదేవి ఒక పళ్ళెం తీసి కిటికీ దగ్గర తిప్పి చూసింది. నున్నటి పూత కింద వెంట్రుకల్లాంటి పగుళ్ళు. పాత పింగాణీకి అవి మామూలే. కాని పగుళ్ళన్నీ లేత పసుపు రంగులో ఉన్నాయి. ఇంకోటి తీసింది. అదీ అంతే. పదకొండూ అంతే. ఇన్సూరెన్స్ ఫైల్లోని ఫోటోల్లో ఆ రంగు లేదు.

వంటింటి వెనక బట్టలుతికే చోట, ఒక మేకుకు ప్లాస్టిక్ గ్లాసు వేలాడుతోంది. దాని కింద నేల మీద ఒక స్టీలు కంచం.

“ఇవి ఎవరివి?”

“రత్తమ్మవి,” అంది ధనశ్రీ.

తారాదేవి పళ్ళు బిగించింది. ఒక పళ్ళేనికి రసీదు రాసిచ్చి, దాన్ని గుడ్డలో చుట్టుకుని బయటపడింది.

సెట్టు అమ్మినవాడు పెద్దిరాజు. సెరంగూన్ రోడ్డు పక్క సందులో అతనికి పాత సామాన్ల కొట్టు ఉంది. అమ్మిన సెట్టును తిరిగి కొంటానని నెల నుంచి ధనశ్రీ వెంటపడుతున్నాడని ఫైల్లో ఉంది.

“శనివారం మీరు ఆ ఇంటికి వెళ్ళారా?”

“వెళ్ళాను. మకాన్ బాగుంది లా, కడుపునిండా తిన్నాను,” అన్నాడు పెద్దిరాజు సింగపూర్ యాసలో.

“పళ్ళెం తీశారా?”

పెద్దిరాజు నవ్వాడు. “ఒక్క పళ్ళెం నేనేం చేసుకుంటాను, సిస్టర్? ఈ వ్యాపారంలో పన్నెండుంటే సెట్టు. ఒకటి తగ్గితే వంటింటి సామాను. తీసేవాణ్ణయితే పన్నెండూ తీసేవాణ్ణి.”

ఆ మాటలో లెక్క ఉంది. తారాదేవి అతని పేరు మనసులోనే కొట్టేసింది.

అప్పట్లో ఇలాంటి సరుకు గడ్డి కూరిన పీపాల్లో వచ్చేదని పెద్దిరాజు చెప్పుకుపోయాడు. తన ముత్తాత రేవులో ఆ పీపాలు దించిన కూలీ అట. ఒక పీపా పగిలితే కొరడా దెబ్బలు తిన్నాడట. తారాదేవి గుడ్డ విప్పి పళ్ళెం ముందు పెట్టగానే అతని మాట ఆగిపోయింది.

“నేనమ్మినప్పుడు ఇలా లేదు,” అన్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. “పసుపు. పగుల్లోకి దిగిందంటే ఇక పోదు. పాడు చేశారు.”

“కూరలో పసుపై ఉండొచ్చా?”

“కూరైతే మధ్యలో అంటుతుంది. ఇది అడుగున కూడా ఉంది, చూడు. నీళ్ళలో కలిపి ముంచారు.”

రత్తమ్మను పనికి కుదిర్చిన ఏజెంటు, బెయిలు మీద విడిపించి, తన ఆఫీసు వెనక గదిలో ఉంచాడు. సోమవారం కోర్టు. శిక్ష పడితే జైలు, ఆ తర్వాత పని పర్మిట్ రద్దు, ఊరికి విమానం. కోనసీమలో ఇద్దరు ఆడపిల్లలను తల్లి దగ్గర వదిలి వచ్చిన మనిషి. దొంగ అన్న పేరుతో ఊళ్ళో దిగలేనని, ఆ పిల్లల మొహం చూడలేనని చెప్పింది. ఏడవలేదు. కళ్ళు ఎర్రగా, ఎండిపోయి ఉన్నాయి.

“పళ్ళెం ముట్టుకున్నావా?” అని తారాదేవి అడిగింది.

“ముట్టుకున్నానండి. ఆ ఆఫీసరుగారు ఇంగ్లీషులో అదే అడిగారు. యస్ అన్నాను. ఎందుకు ముట్టుకున్నావని మాత్రం ఎవరూ అడగలేదండి.”

“నేను అడుగుతున్నాను. ఎందుకు?”

“అన్నం తిన్నానండి అందులో.”

పార్టీలో ఒక అమెరికా ఆవిడ, నువ్వేం తినలేదేమని రత్తమ్మను సైగలతో అడిగిందట. తానే బీరువాలోంచి పళ్ళెం తీసి, బిరియానీ వడ్డించి చేతిలో పెట్టిందట. వద్దంటే ఇంకో ముక్క వేసిందట. రత్తమ్మ వెనక్కి వెళ్ళి, నిలబడే తిని, సబ్బుతో కడిగి తుడిచి బీరువాలో పెట్టేసింది.

“పెట్టడం ఎవరైనా చూశారా?”

“పెద్దమ్మగారు చూశారండి. తిన్నదీ చూశారు. ఏం అనలేదు. మొహం తిప్పేసుకున్నారు.”

“పసుపు నీళ్ళతో కడిగావా?”

రత్తమ్మ వింతగా చూసింది. “పసుపు దేవుడి గదిలో ఉంటాదండి. నన్ను ఆ గడప తొక్కనివ్వరు. మా పేట మనుషులకు ఊళ్ళోనూ అంతే, ఇక్కడా అంతే.”

తారాదేవి లేచి నిలబడింది. పోలీసులకు ఫోను చేసి, అందరినీ స్టేషనుకు పిలిపించమంది. 

శుక్రవారం పోలీస్ స్టేషన్లో ఒక గదిలో అందరినీ కూర్చోబెట్టింది. ధనశ్రీ, కోటేశ్వరి, పెద్దిరాజు, రత్తమ్మ. కేసు చూస్తున్న చైనా సంతతి ఇన్‌స్పెక్టర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

తారాదేవి పళ్ళెం బల్ల మీద పెట్టింది.

“దొంగ ఒక పళ్ళెం పట్టుకుపోయింది, సరే. మిగిలిన పదకొండింటిని పసుపు నీళ్ళతో కడిగిందెవరు?”

తారాదేవి పళ్ళేన్ని బోర్లించి, అడుగున పసుపు గీతలు చూపించింది.

“రత్తమ్మ కాదు. ఆమె పసుపు ముట్టుకోకూడదు. పెద్దిరాజుగారు కాదు. ఆయన సరుకును ఆయనే పాడు చేసుకోడు. ఇంక ఆ ఇంట్లో ఇద్దరే మిగిలారు.” కోటేశ్వరి వైపు తిరిగింది. “ఆంటీ, ఇత్తడి గిన్నె అంటుపడితే చింతపండు పెట్టి తోమి వాడుకుంటారు. పింగాణీకి, మట్టికి ఆ శుద్ధి లేదు. పారెయ్యాలి. మీ పద్ధతి అదే కదా?”

కోటేశ్వరి గడ్డం పైకెత్తింది.

“అదే. చెత్త పడేసే గొట్టం ఉందిగా, ఆ చ్యూట్‌లో పడేశాను. అది తిన్న దాంట్లో రేపు నా కూతురు తినాలా? మా ఇల్లు, మా వస్తువు. నేనేం దొంగతనం చేశానా?”

“మరి మిగిలిన పదకొండు?”

“ఆ పళ్ళేనికి తగిలాయిగా. అవీ పడేద్దామంటే అమ్మాయి పడనివ్వలేదు. సరే, పసుపు నీళ్ళన్నా తగిలిద్దామని ముంచి తీశాను.”

ధనశ్రీ కళ్ళు మూసుకుంది.

“అయితే మీకు తెలుసు,” అంది తారాదేవి.

“ఆ అమెరికా వాళ్ళు మళ్ళీ వస్తామన్నారు,” అంది ధనశ్రీ. “పన్నెండోది ఏదని అడిగితే ఏం చెప్పను? మా అమ్మ ఎందుకు పారేసిందో చెప్పనా? తలెత్తుకోగలనా?”

“మీకు సిగ్గేసింది. అందుకని ఈమెను జైలుకు పంపుతున్నారు. పైగా క్లెయిమ్ డబ్బు.”

ఫైల్లో సంతకం పెట్టవలసిన చోట తారాదేవి అడ్డంగా గీత కొట్టింది. కాగితం చిరిగింది.

ధనశ్రీ రత్తమ్మ వైపు కుర్చీ జరుపుకుంది. కంప్లయింట్ వెనక్కి తీసుకుంటానంది. జీతం పెంచుతానంది. ఇంటికి పోదాం పదమంది. రత్తమ్మ ఆమె వైపు చూడనే లేదు.

ఇంతసేపూ తెలుగులో నడిచిన మాటలు ఇన్‌స్పెక్టర్‌కు ఒక్కటీ అర్థం కాలేదు. ఏం జరుగుతోందని ఇంగ్లీషులో అడిగాడు. తారాదేవి చెప్పబోయింది.

రత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“మీరు చెప్పకండమ్మా. ఈయన నన్ను ఇంగ్లీషులో దొంగన్నాడు. ఆవిడ చెబితేనే అన్నాడు. కాదని కూడా ఆవిడే ఇంగ్లీషులో చెప్పాలి.”

 ధనశ్రీ బల్ల వైపు చూస్తూ ఇంగ్లీషులో చెప్పింది. రత్తమ్మ దొంగ కాదని. ఆ సంగతి తనకు ఆదివారం నుంచీ తెలుసని. గొంతు పెదవులు దాటి రాలేదు.

“ఆయనకు వినబడలేదు,” అంది రత్తమ్మ. “మళ్ళీ చెప్పమనండి.”

తారాదేవి ఆ మాట ఎవరికీ చేరవెయ్యలేదు. ధనశ్రీకి తెలుగు వచ్చు.

గొర్లె కుమారమ్మ
వయసు డెబ్బై ఒకటో ఏడు
బెడోక్, సింగపూర్