గోరంత ప్రొజెక్టర్

“గోరంత ప్రొజెక్టర్. సెల్‌ఫోన్‌లో ఇమిడిపోతుంది. అది ఈ రోజు దేశం దాటకూడదు,” అన్నాడు చీఫ్. “ల్యాబ్‌లో మన మేడమ్ ఉంది, సాయం చేస్తుంది. పని కాగానే ‘ఫిల్టర్ మార్చాను’ అని మెసేజ్ పెట్టు. రాకపోతే టీమ్‌ని పంపిస్తా.”

“వాళ్లొచ్చేలోపు నేనేం చెయ్యాలి సార్?”

“బతికుండాలి.”

పీకల మీదికొచ్చినా అత్తారింటికొచ్చినవాడిలా తొణకడని డిపార్ట్‌మెంట్‌లో ఈ ఏజెంట్‌ని బావగారు అంటారు. ఏసీ మెకానిక్ వేషంలో వెళ్లాడు. లిఫ్ట్‌లో మేడమ్ సెంటు గుబాళిస్తూ నిలబడి ఉంది, పక్కన ఒక బట్టతల మనిషి. మేడమ్ అతనికి ప్రొజెక్టర్ చూపించి, చెయ్యి కలిపి, కింద కార్లో ఉండమంది. అతను దిగగానే బావగారి నడుముకు పిస్టల్ ఆనించి, ఫోన్ లాక్కుని, వెలుతురు కొలిచే చీకటి గదిలోకి నెట్టి తాళం వేసింది. మన మేడమ్ ఎప్పుడో వాళ్ల మేడమ్ అయిపోయింది.

గోడలు, నేల, పైకప్పు అన్నీ నలుపే. ఒకవైపు మాత్రం మందపాటి గాజు, దాని అవతల డెమో హాలు. ప్రొజెక్టర్ తయారుచేసిన ఇంజనీరమ్మాయి మూల ముడుచుకుని కూర్చుంది.

“డెమో అయ్యాక మనిద్దర్నీ చంపేస్తారటన్నా.”

బావగారు తలుపు తన్నాడు. గోడలు తడిమాడు. నిజంగానే భయం వేసింది.

హాల్లోకి మేడమ్, కొనడానికొచ్చిన విదేశీ ముఠా నాయకుడు, వాడి మనుషులు వచ్చారు. లైట్లు ఆరిపోయాయి.

“ఎందుకార్పారు?” అడిగాడు బావగారు.

“ఇంత చిన్నదాని బొమ్మ లైట్లలో కనిపించదు,” అంది ఇంజనీరమ్మాయి. “ ముందు లైట్లార్పందే మేం ఎవరికీ చూపించం.”

“నీ దగ్గర ఇంకోటుందా?”

ఆమె బల్ల మీది ఊడదీసిన ఫోన్ చూపించింది. “టెస్ట్ పీస్. సిమ్ లేదని వదిలేశారు.”

బావగారు చొక్కా గుండీ పీకాడు. అది కెమెరా, లిఫ్ట్‌లో జరిగిందంతా అందులో ఉంది. ఆమె దాని మెమరీ కార్డు ఫోన్‌లో పెట్టి, గాజులోంచి ఎదుటి గోడ మీదికి గురిపెట్టింది.

డెమో బొమ్మ పక్కనే లిఫ్ట్ ప్రత్యక్షమైంది. బట్టతల మనిషి, మేడమ్, కలిసిన చేతులు.

ఆ బట్టతల మనిషి ఈ నాయకుడికి పోటీ ముఠావాడు. “నాకొక్కడికే అన్నావు. ఇంకెంతమందికి చూపించావు?” అంటూ నాయకుడు మేడమ్ జుట్టు పట్టుకున్నాడు. గొడవ ముదిరింది. నాయకుడి మనుషుల్లో ఒకడు మాత్రం బొమ్మ ఎటునుంచి పడుతోందో చూసి, చీకటి గది తాళం తీసి, బావగారి నుదుటికి పిస్టల్ ఆనించాడు. ట్రిగ్గర్ మీద వేలు కదిలింది. మెసేజ్ రాలేదని చీఫ్ పంపిన టీమ్ వెనకనుంచి వాడి మీద పడింది, గుండు పైకప్పులో దిగింది.

లైట్లు వెయ్యాలని ఎవరికీ తోచకముందే బేడీలు పడ్డాయి. మేడమ్ ఇంకా గోడకేసే చూస్తోంది.

“నా మొహమేంటి, అంత ఆకుపచ్చగా ఉంది?”

“బొమ్మకి రంగులిచ్చే లేజర్లలో గ్రీన్ ఇంకా కుదరలేదు మేడమ్,” అంది ఇంజనీరమ్మాయి కళ్లు తుడుచుకుంటూ. “మీరు జైల్లోంచి వచ్చేసరికి సరిచేస్తాం.”