ఆరో అంకె

"ఈ నెట్ సెంటర్ ఓనరెవురప్పా?"

గొడుగైనా మడవకుండా లోపలికొచ్చేసిన ఆ అమ్మాయిని చూసి ధనశేఖర్ కుర్చీలోంచి లేచాడు. తిరుపతిలో యూనివర్సిటీ గేటుకి ఎదురుగా నాలుగు పాత కంప్యూటర్లు పెట్టుకుని కూర్చున్న అతన్ని అంతవరకూ ఎవరూ ఓనరు అని పిలిచిన పాపాన పోలేదు. కాబట్టి కాస్త సంతోషంగానే ఉంది.

"నేనే. ఏం కావాల?"

"నిన్న ఈడ కూర్చోనే మెయిల్ చూసుకున్నా. పొద్దున లేచేసరికి మా డిపార్ట్‌మెంటు హెడ్డు బాలసుబ్రమణ్యం సారుకి నా మెయిల్ నించి ఐ లవ్ యూ అని పోయుండాది!"

ధనశేఖర్ నవ్వు ఆపుకోవాలని నిజంగానే ప్రయత్నించాడు. వల్ల కాలేదు.

"నవ్వుతా ఉండావా? ఆ సారుకి వచ్చే నెల రిటైర్మెంటు!"

ఆమె పేరు రేవతి. ఊరు ఐరాల, చదువు ఎంసీఏ ఆఖరి ఏడాది. పాస్‌వర్డు 'రేవతి ఒకటి రెండు మూడు' అని కూడా కోపంలో తనే చెప్పేసింది, అందరూ వింటుండగా.

"అట్లాంటిది పెట్టుకుంటే దొంగకి తలుపు తట్టే పని కూడా ఉండదు," అన్నాడు ధనశేఖర్. "ఇప్పుడు కొత్తగా ఒకటొచ్చింది. పాస్‌వర్డు కొట్టినాక సెల్లుకి ఆరంకెల కోడ్ వస్తాది. అదీ కొడితేనే మెయిల్ తెరుచుకునేది. నీ నంబరు చెప్పు."

"నాకు సెల్లు యాడిది? మా నాయనకుండాది."

"ఆయనదే పెడదాం."

"మా నాయన సంగతి నీకు తెలీదు. రెండు మెసేజీలొస్తే చాలు, ఎవుడే వాడు అని ఐరాలలో బస్సెక్కేస్తాడు."

అప్పుడు అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో మరి, "అయితే నాది పెట్టుకో," అనేశాడు ధనశేఖర్.

రేవతి కళ్లు చిన్నవి చేసి చూసింది. "అంటే నా తాళంచెవి నీ చేతికిచ్చేదా?"

"సగమే. పాస్‌వర్డు కొత్తది పెట్టుకో, నాకు చెప్పొద్దు. అది నీ దగ్గర, కోడ్ నా దగ్గర. ఇద్దరం ఉంటేనే తలుపు తెరుచుకునేది."

ఆ చివరి మాట ఎలా వినిపించిందో నోరు దాటాక గానీ అతనికి తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి. రేవతి తల దించుకుని కీబోర్డు చూసుకుంటోంది, కానీ నవ్వుతోంది.

చదువయ్యాక ఆమెకి మెడ్రాసులో ఉద్యోగం వచ్చింది. మెయిల్ తెరవాల్సి వచ్చినప్పుడల్లా అక్కడి నెట్ సెంటర్లో ఉన్న కాయిన్ బాక్సు నుంచి ఫోన్ చేసేది. మొదటి వారం "కోడ్ చెప్పు", "ఏడు రెండు సున్నా..." అంతే. రెండో వారానికి "తిన్నావా?" వచ్చి చేరింది. నెల తిరిగేసరికి హాస్టల్ సాంబారు దగ్గర మొదలై ఎక్కడెక్కడికో పోయేవి కబుర్లు. రూపాయి అయిపోతోందని ఫోన్ కీచుమన్నాక ఇద్దరికీ కోడ్ గుర్తొచ్చేది. అప్పటికి దాని గడువు దాటిపోయి, ఇంకోటి పంపించుకోవాల్సి వచ్చేది.

సెంటర్ లోపల సిగ్నల్ అంతంత మాత్రం. అందుకని ధనశేఖర్ వానలో కూడా మెట్ల మీదే నిలబడి మాట్లాడేవాడు.

"ఆరంకెలు చెప్పేదానికి అర్ధగంటనా అప్పా?" అని పక్కనే జిరాక్సు షాపు నడిపే దొరస్వామి రోజూ అడిగేవాడు.

నిజం చెప్పాలంటే ధనశేఖర్ ఆ పిల్ల మీద నిలువునా మనసు పారేసుకున్నాడు. చెప్పడానికే భయం. చెబితే, ఆమె కాదంటే, ఈ ఫోన్లు కూడా ఆగిపోతాయి. ఏడాదిగా ఆ ఒక్క మాటా గొంతులోనే ఉండిపోయింది.

ఒక శనివారం మధ్యాహ్నం, బయట జోరు వాన. ఏదో కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే మెట్ల మీదికొచ్చి ఎత్తాడు.

"నేనే, రేవతిని. నాకు సెల్లుండాది ఇప్పుడు. మెయిల్లో నీ నంబరు తీసేసి నాది పెట్టుకుంటా ఉండా. దానికి నీకు కోడ్ వచ్చుంటాది, చెప్పు."

వచ్చింది. రాలేదని చెప్పొచ్చు. ఈ వానలో ఎవరైనా నమ్ముతారు. కానీ ఆ తాళం ఆమెది. ధనశేఖర్ ఆరంకెలూ చదివేశాడు. ఏ కోడూ ఇంత తొందరగా అయిపోలేదు.

"ఆ, మారిపోయింది," అంది రేవతి. "అది సరే, నీ మెయిల్‌కి ఎవురి నంబరు పెట్టినావు?"

"ఎవురిదీ లే."

"ఊరందరికీ బుద్ధులు చెప్పి, నీ తలుపు మాత్రం బార్లా తెరిచి పెట్టుకున్నావా? పో, లోపల కూర్చో. నా నంబరు కొట్టు."

లోపలికెళ్లి, ఖాళీగా ఉన్న కంప్యూటర్లో తన మెయిల్ తెరిచి కొట్టాడు. అటువైపు ఆమె ఫోన్ టింగుమంది.

"నాలుగు, ఒకటి, ఏడు, సున్నా, రెండు..."

"ఆరోది?"

"ఆరోది ఊరికే రాదు. ఈ సెల్లు ఈ పొద్దు కొనింది కాదు, మూడు నెలలైంది. అయినా కోడ్ కోసమని కాయిన్ బాక్సు కాడికే పోతా వచ్చినా. నువ్వేమో అంకెలు చదివేది తప్ప ఇంకో మాట చెప్పవు. రేపు మా నాయన ఏదో సంబంధం మాట్లాడాలని ఈడికొస్తా ఉండాడు. ఆయనకి నేనేమని చెప్పేది?"

ధనశేఖర్ చుట్టూ చూశాడు. మిగతా మూడు కంప్యూటర్ల ముందూ ముగ్గురున్నారు. గుమ్మంలో దొరస్వామి.

"నువ్వంటే నాకిష్టం," అన్నాడు నోట్లోనే.

"మీ సెంటర్లో సిగ్నల్ లేదు గదా. ఏమీ వినపళ్ళా."

"నువ్వంటే నాకు ప్రాణం రేవతీ! మీ నాయనతో రేపు నేనే వచ్చి మాట్లాడతా!"

మూడు కీబోర్డులూ ఒక్కసారిగా ఆగిపోయాయి. "అబ్బా, ఇప్పటికైనా చెప్పినాడు," అని దొరస్వామి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"తొమ్మిది," అని మెల్లగా చెప్పి ఫోన్ పెట్టేసింది రేవతి.

తొమ్మిది కొట్టాడు. తాళం పడింది. వెంటనే తెర మీద కొత్త మెయిల్ ఒకటి వచ్చి కూర్చుంది. బాలసుబ్రమణ్యం సారుకి పోయిన ఆ మూడు మాటలే ఉన్నాయి అందులో. వాటి కింద ఇంకో వరుస.

"ఈసారి పంపింది నేనే. రెండు తాళాలూ తీసి మరీ."