లోగో రాకముందే

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి, గూఢచారి డిపార్ట్‌మెంట్ రహస్య పత్రాలు మోసే కొరియర్ మూలకు చేరగిలబడి ఉన్నాడు. ప్రాణం లేదు. బ్రీఫ్‌కేసు చేతిలోనే ఉంది, తాళం పగల్లేదు. మెడ మీద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క. ఈ ఉదయం అతను ఆ లిఫ్టు ఎక్కుతాడని డిపార్ట్‌మెంట్ బయట ఒక్క పురుగుకి కూడా తెలియదు.

ఆ కబురు ఏజెంట్ కందిరీగకి చీఫ్ గదిలో తెలిసింది. కందిరీగ అన్నది కోడ్ నేమ్. అది పెట్టినవాడెవడో మనిషిని బాగా చూసే పెట్టాడు, ఎందుకంటే ఇతగాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది. చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన కుర్చీ చూపించాడు. కందిరీగ కూర్చోలేదు.

పెద్దాయన బ్రీఫింగ్ ఎప్పటిలాగే ముక్తసరిగా సాగింది. బ్లూ కీ అనే విదేశీ ముఠా నావికాదళం రాడార్ డ్రాయింగులు కాజేసింది. ముఠా నాయకుడు కల్నల్ వాటితో ఈరోజే ఓడెక్కుతాడు. అయితే కల్నల్ కారు నడిపే డ్రైవర్ మనవాడు. పెట్టుడు మీసం, దొంగ లైసెన్సు, పైగా కందిరీగకి స్వయానా చెల్లెలి మొగుడు. సిగ్నల్ అందిన మరుక్షణం అతను కారుని రేవుకి కాకుండా డిపార్ట్‌మెంట్ గ్యారేజీలోకి తిప్పేస్తాడు. సిగ్నల్ వెళ్ళాల్సింది కందిరీగ లాప్‌టాప్ నుంచి.

"మన గుట్టంతా వాళ్ళకి చేరిపోతోంది," అన్నాడు పెద్దాయన. "డ్రైవర్ మనవాడన్న ముక్క ఒక్కటే ఇంకా చేరలేదు. అది ఎక్కడైనా రాశావా?"

"నిన్న సాయంత్రం రిపోర్టులో రాశాను సార్. ఫొటో కూడా పెట్టాను. నా లాప్‌టాప్‌లోనే ఉంది, ఇంకా ఎవరికీ పంపలేదు."

"పంపకు. అది వాళ్ళ కంట పడితే, నీ చెల్లెలికి నేను ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"మీకు ఆ శ్రమ ఉండదు సార్. అతన్ని ఈ ఉద్యోగంలోకి లాగింది నేను. అది ముందు నన్నే నరుకుతుంది."

కందిరీగ తన గదికొచ్చి లాప్‌టాప్‌కి నెట్‌వర్క్ కేబుల్ తగిలించి బటన్ నొక్కాడు. నల్లటి తెర. మూలన ఒక తెల్ల గీత మిణుకు మిణుకుమంటోంది. అంతే. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఈ మాయదారి లాప్‌టాప్‌ది పదిహేను రోజులుగా ఇదే వరస. పాత హార్డ్ డిస్క్ ఉన్నప్పుడు ముక్కుతూ మూలుగుతూ అయినా లేచేది. ఆఫీసు మొత్తానికి కొత్త ఎస్‌ఎస్‌డి డ్రైవులు వేశారు, కన్ను మూసి తెరిచేలోగా ఆన్ అవుతుందన్నారు. కన్ను మూసి తెరవడం కాదు, ఒక కునుకు తీసి లేచినా లోగో రావడం లేదు. మిగతావాళ్ళకి ఏ బాధా లేదు. బటన్ నొక్కేసి కాఫీకి వెళ్ళిపోతారు, ఊసులాడుకుని వచ్చేసరికి అదే లేచి కూర్చుంటుంది. ఆలస్యానికి ఆఫీసు మొత్తం చక్కగా అలవాటు పడిపోయింది. కందిరీగ పడలేదు. స్టార్టప్‌లో లేచే ప్రోగ్రాములన్నీ ఆపేశాడు, అప్‌డేట్లు వేశాడు, డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు మార్చాడు. ఏం చేసినా లోగో వచ్చాక పరుగే. నత్తనడకంతా లోగో రాకముందే.

ఈ డ్రైవులు వేసింది టెక్నికల్ సెక్షన్ హెడ్. ఆవిణ్ని అందరూ మేడం అనే అంటారు. ఆవిడ వరండాలో నడిచొస్తుంటే ముందు సెంటు వస్తుంది, తర్వాత హైహీల్స్ చప్పుడు, ఆ తర్వాత ఆవిడ. సగం మంది ఏజెంట్లు బాగున్న మెషీన్లు పాడు చేసుకుని మరీ ఆవిడకి ఫోన్ చేస్తారు. ఏ రోగానికైనా ఆవిడ మందు ఒక్కటే, ఆఫ్ చేసి ఆన్ చేయమనడం. ప్రింటర్ మొరాయించినా అదే మాట, ఏసీ నీళ్ళు కారినా అదే మాట.

కందిరీగ కాఫీకి వెళ్ళడు కాబట్టి, లాప్‌టాప్‌ని కొరుక్కు తినేలా చూస్తూ కూర్చున్నాడు. అలా చూస్తుంటే కేబుల్ దూర్చిన చోట చిన్న ఆకుపచ్చ లైటు కనిపించింది. అది ఆగకుండా టపటపా కొట్టుకుంటోంది. కేబుల్ గుండా ఏదో జోరుగా పోతోందని దానర్థం. లోగో కూడా రాని లాప్‌టాప్ ఎవరితో మాట్లాడుతోంది?

అతను టెక్నికల్ సెక్షన్‌కి ఫోన్ చేశాడు. విసుగొస్తోందని, ఆఫ్ చేసేస్తున్నానని చెప్పాడు.

"వద్దు," అంది మేడం. "ఆఫ్ చేయకండి. కేబుల్ కూడా కదపకండి. కాస్త ఓపిక పట్టండి, అదే వస్తుంది."

కందిరీగ రిసీవర్ పెట్టేశాడు. ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఆఫ్ చేయొద్దన్న మాట వినడం ఇదే మొదలు. చెయ్యి దానంతటదే వెళ్ళి కేబుల్ లాగేసింది. పవర్ బటన్ అదిమి పట్టి ఆపేశాడు. మళ్ళీ ఆన్ చేసి, ఫంక్షన్ కీ కొడుతూ బయోస్‌లోకి వెళ్ళాడు. లాప్‌టాప్ లేచేటప్పుడు ముందు ఎక్కడ వెతుక్కోవాలో చెప్పే వరస ఉండేది అందులోనే. మొదటి స్థానంలో కొత్త డ్రైవ్ ఉండాలి. కానీ అక్కడ నెట్‌వర్క్ ఉంది. కొత్త డ్రైవ్ దాని కింద పడి ఉంది.

అతనికి అంతా అర్థమైంది. రోజూ పొద్దున్నే లాప్‌టాప్ ముందు కేబుల్ గుండా బయటికి చూస్తోంది. అవతల ముఠా మెషీన్ కాచుకుని ఉంది. అది వీళ్ళ డ్రైవ్ తెరిచి, ముందురోజు రాసిందంతా కాపీ చేసుకుని, పని అయ్యాక అసలు సిస్టమ్‌ని లేవనిస్తోంది. ఆఫీసంతా కాఫీ తాగుతున్న సేపట్లో జరిగే దోపిడీ అది. డ్రైవ్ మార్చిన చేతులే ఈ వరసా మార్చాయి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈ ఇంటిదొంగకి లిప్‌స్టిక్ కూడా ఉంది.

కందిరీగ పళ్ళు నూరుతూ కొత్త డ్రైవ్‌ని పైకి తెచ్చాడు, నెట్‌వర్క్‌ని వరసలోంచే తీసిపారేశాడు, సేవ్ చేసి మెషీన్ ఆపేశాడు. అప్పుడే గదిలోకి సెంటు వచ్చింది.

మేడం తలుపు గడియ వేసింది. చేతిలో వెండి సిగరెట్ కేసు. దాని మూలనున్న సన్నటి రంధ్రం కందిరీగ మెడ వైపు తిరిగి ఉంది. కొరియర్ మెడ మీద చుక్క ఎలా పడిందో అతనికి ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

"కాపీ మధ్యలో ఆగిపోయింది," అంది. "సగం ఫైలు తెరుచుకోదు. కేబుల్ పెట్టి ఆన్ చేయండి."

"నువ్వు మా ఇంటికొచ్చి అన్నం తిన్నావు," అన్నాడు కందిరీగ. మీరు అనే మర్యాద ఆ కేసు చూడగానే చచ్చిపోయింది. "మా చెల్లెలి బిడ్డని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నావు. ఆ బిడ్డ తండ్రినే చంపించాలని చూస్తున్నావా? నీకు సిగ్గనేది ఉందా?"

"అతని మొహం నాకు తెలుసు. అతను ఎక్కడ, ఏ వేషంలో ఉన్నాడో తెలీదు. అది మీ రిపోర్టులో ఉంది. ఆన్ చేయండి, లేదా నేనే చేసుకుంటాను. అప్పుడు మీరుండరు."

కందిరీగకి ఒళ్ళంతా భగభగ మండిపోతోంది. ఆ పీక అక్కడే నులిమేయాలని ఉంది. నోరు మాత్రం మూసుకున్నాడు, అతని జీవితంలో అది అరుదు. కేబుల్ దూర్చాడు. బటన్ నొక్కాడు.

మేడం బల్లకి ఆనుకుంది. తను చేసిన ఆలస్యం ఎంతసేపు ఉంటుందో ఆవిడకి బాగా తెలుసు, ఒక సంజాయిషీకి సరిపోతుంది. "అసలు ఈ డిపార్ట్‌మెంట్ నాకేం..." అని మొదలుపెట్టింది.

లాప్‌టాప్ టింగుమంది. లోగో ఇలా వచ్చి అలా పోయింది, డెస్క్‌టాప్ ధగధగా వెలిగిపోయింది. మేడం నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయి, తెర వైపు తిరిగింది. ఇన్నాళ్ళలో అంత వేగంగా లేచిన మెషీన్ ఆ ఆఫీసులో ఇదొక్కటే.

ఆ తిరిగిన క్షణం చాలు. కందిరీగ లాప్‌టాప్‌ని రెండు చేతులా ఎత్తి ఆవిడ మణికట్టు మీద ఫెడీమని కొట్టాడు. కేసులోంచి చిమ్మిన విషపు సూది పైకప్పులో దిగబడింది. సిగరెట్ కేసు బీరువా కిందికి జారిపోయింది. అతను ఆవిడ చేతుల్ని అదే కేబుల్‌తో కుర్చీకి బిగించి కట్టాడు, కట్టినంతసేపూ నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ తిట్లు ఇక్కడ రాయడం కుదరదు.

పాత డిస్క్ అయితే ఆ దెబ్బకి అక్కడే ప్రాణాలు వదిలేది. లోపల తిరిగే చక్రాలేవీ లేని కొత్త డ్రైవ్‌కి చీమ కుట్టినట్టయినా లేదు. వైఫై అందుకుని మెసేజ్ బాక్సు తెరుచుకుంది. రేవు దారిలో చివరి మలుపుకి కారు దగ్గరపడి ఉంటుంది. అతను వెంటనే సిగ్నల్ కొట్టాడు: పెద్దమ్మకి ఒంట్లో బాగాలేదు.

డిపార్ట్‌మెంట్ గ్యారేజీలోకి నల్లకారు దూసుకొచ్చి ఆగింది. వెనక సీట్లో కల్నల్ డ్రాయింగుల గొట్టం ఒళ్ళో పెట్టుకుని, ఓడ ఏదని అడుగుతున్నాడు. పెద్దాయన స్వయంగా కారు తలుపు తీసి, చాలా మర్యాదగా దిగమన్నాడు.

డ్రైవర్ దిగి మీసం పీకేశాడు. మనిషి చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. కందిరీగ అతన్ని గట్టిగా కావలించుకోబోయాడు. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇంకొక్క మలుపు దాటితే రేవే బావగారూ. పొద్దుట్నుంచీ సిగ్నల్ కోసం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతున్నాను. ఎందుకింత ఆలస్యం?"

"లాప్‌టాప్ ఆన్ కాలేదు," అన్నాడు కందిరీగ. నిజం అదే మరి.

చెల్లెలి మొగుడు అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఆ మాట ఇంటికొచ్చి మీ చెల్లెలికి మీరే చెప్పండి. లేటైన ప్రతిరోజూ నేను అదే చెప్తున్నాను, ఒక్కరోజు నమ్మలేదు."