కింది నుంచి పైకి

గగన్‌పహాడ్ దగ్గర కారు పేలిన రోజు ఏజెంట్ ఖుర్రం చనిపోయాడు. పక్క సీట్లో ఉన్న చెల్లెలు, ఏజెంట్ ఆమ్నా, తలకు దెబ్బతో బయటపడింది.

"నోరు తెరిచేలోపే మెదడు జరిగినవాటిని వరసలో పేర్చుకుంటుంది. ఈమెకు ఆ వరస తిరగబడింది," అన్నాడు డాక్టరు.

"చాయ్ తాగిన, మరగబెట్టిన, పాలు తెచ్చిన," అనేది ఆమ్నా. ఆఫీసు నవ్వేది. అందరికంటే గట్టిగా తోటి ఏజెంట్ ఝాన్సీ నవ్వేది. సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు, దాటిపోయాక కూడా మిగిలే సెంటు. "ఆమ్నా రిపోర్టు కింది నుంచి పైకి చదువుకోవాలండీ."

కారు పేలిన పొద్దున తాళాలు ఇచ్చింది ఝాన్సీయే. కానీ తలకిందుల మాటను ఎవరు నమ్ముతారు? ఆమ్నా మామిడిపల్లిలో స్పీచ్ థెరపీకి పోతూనే ఉంది. గుణం లేదని మాత్రం అందరికీ చెప్పింది.

ఏడాది తర్వాత చీఫ్ రాజారావు ఆమెను పిలిచాడు.

"రాడార్ చిప్ ఈ మధ్యాహ్నం శంషాబాద్‌లో కార్గో విమానం ఎక్కాలి. విదేశీ ముఠా కాచుకుని ఉంది. రెండు వ్యాన్లు పంపుతున్నాం, ఒకదాంట్లోనే చిప్. ఏది ముందో మనిద్దరికే తెలుసు."

"ఝాన్సీకి నేను చెప్త సార్."

రాజారావు ఆమెను తేరిపార చూసి, తలూపాడు.

ఎయిర్‌పోర్టులో ఆమ్నా క్లీనర్ యూనిఫాం వేసుకుంది. పేరు బ్యాడ్జిలో మైకు, చెవిలో ఇయర్‌ఫోన్. కాఫీ షాపు దగ్గర ఝాన్సీ ఎదురైంది.

"తిన్నావా ఆమ్నా?"

"చెయ్యి కడిగిన. తిన్న. వండిన."

ఝాన్సీ ముసిముసిగా నవ్వింది. "వ్యాన్ల సంగతేంటమ్మా?"

"తుక్కుగూడ దిక్కు నుంచి ఖాళీ వ్యాన్ వస్తది. చిప్ వ్యాన్ వస్తది."

ఝాన్సీ మనసులోనే వరస తిప్పుకుంది. ఫోన్లో గబగబా టైప్ చేసింది.

తుక్కుగూడ దాటగానే ముఠా మొదటి వ్యాన్‌ను అడ్డగించి తలుపు పగలగొట్టింది. లోపల చిప్ లేదు, కమాండోలు ఉన్నారు. రెండో వ్యాన్ పక్కనుంచే సాగిపోయింది. విమానం తలుపు మూసుకునే క్షణంలో చిప్ పెట్టె లోపలికి చేరింది.

ఇయర్‌ఫోన్‌లో కబురు వినగానే ఆమ్నా తలెత్తింది. అదే కబురు తన ఫోన్లో చూసిన ఝాన్సీ లిప్‌స్టిక్ తీసింది. అందులోంచి సూది మొలిచింది. ఆమ్నా మాపు కర్ర ఆమె మణికట్టు మీద పడింది.

"నువ్వు తలకిందులుగా కదా చెప్తావ్?" మణికట్టు పట్టుకుని అడిగింది ఝాన్సీ.

"బాగై నాలుగు నెలలైంది. జర ఇను."

ఏడాదిగా తలుపులు మూసుకుని సాధన చేసిన మాటలు అవి.

"తాళాలు నువ్విచ్చినవ్. మేం కారెక్కినం. అన్న సచ్చిపోయిండు."

వరస ఎక్కడా తప్పలేదు. వెనక నుంచి వచ్చిన రాజారావు బేడీలు వేశాడు.

"ఇక మీ స్టేట్‌మెంట్, ఝాన్సీగారూ. కింది నుంచి పైకి చెప్పినా ఫరవాలేదు. మాకు అలవాటే."