హైడ్రాకు జడ వేసిన కేతకి

పూర్వం హరితపురి రాజ్యానికి చిత్రానది ఒక్కటే ఆధారం. ఒక ఏడాది ఆ నది పుట్టే గుహకు అడ్డంగా ఎన్నో తలల నీటిపాము వచ్చి పడింది. చుక్క నీరు కిందికి రాలేదు. ఓడల మీద వచ్చే యవనులు దానిని హైడ్రా అన్నారు. పిల్లలూ, మీ సైన్సు పుస్తకంలో నాచు పట్టుకుని వేలాడే బుల్లి ప్రాణి ఉంది చూశారా, దానిదీ ఇదే పేరు. ముక్కలు చేస్తే ముక్కకొకటిగా బతుకుతుంది. బుల్లిదే అంత గడుసుదైతే ఇక పెద్దదాని సంగతి చెప్పాలా!

భటులు ఒక తల నరికితే రెండు మొలిచాయి. అయినా వాళ్ళు నరకడం మానలేదు, తెలిసిన విద్య అదొక్కటే మరి. చివరికి సోమన అనే భటుణ్ణి అది తోకతో చుట్టి పట్టుకుంది. అతని చెల్లెలు కేతకి అంతఃపురంలో రాణులకు జడలు వేసే పిల్ల. కబురు వినగానే దువ్వెన, నూనెబుడ్డి సంచిలో వేసుకుంది.

"అన్నను తీసుకునే వస్తానమ్మా!" అని తల్లికి చెప్పి అడవిదారి పట్టింది.

దారిలో ఎలుగుబంటి అడ్డం వచ్చింది. "నిన్ను తినేస్తాను!"

"తిందువుగానిలే. ముందు ఆ పల్లేరుకాయలు తీయనీ" అని కేతకి దాని బొచ్చంతా దువ్వింది. హాయిగా కళ్ళు మూసుకున్న ఎలుగు, ఆమెను వీపున ఎక్కించుకుని కొండ దాటించింది.

కొండ అవతల ఒక ముని కనిపించాడు. "అమ్మాయీ, పదునున్నదేదీ గుహ లోపలికి తీసుకుపోకు. హైడ్రాకు భయం వేస్తేనే తలలు మొలుస్తాయి."

"దువ్వెనకు పళ్ళున్నాయి స్వామీ!"

"కరవవుగా? పో!" అని ముని నవ్వాడు.

గుహలో హైడ్రా మెడలన్నీ, వాటి మీది జూలుతో సహా, మెలిపడి ఉన్నాయి. తోకచుట్టలో సోమన స్పృహ తప్పి పడి ఉన్నాడు. కేతకి నేరుగా దాని దగ్గరికి నడిచింది.

"నువ్వూ నరకడానికే వచ్చావా?" అని తలలన్నీ బుసకొట్టాయి.

"అయ్యో, ఎంత చిక్కు! నిన్ను ఇన్నాళ్ళూ ఎవరూ దువ్వలేదా?"

జవాబు కోసం చూడకుండా ఆమె నూనె రాసి, జూలు దువ్వి, ముడులు విప్పింది. మెడలను మూడు పాయలు చేసి అల్లసాగింది. ఒక తల కాటేయబోయింది. "కదలకు! జడ వంకర పోతుంది!" అని కసిరింది కేతకి. ఆ తల బుద్ధిగా వంగింది.

జడ పూర్తయ్యేసరికి తలలన్నీ మొదటిసారి ఒకే వైపు చూశాయి.

"తల్లీ, నేను సముద్రానికి పోవాలి. తలకొక దిక్కుకు లాగుతుంటే కదలలేకపోయాను. వీళ్ళేమో నరికి నరికి తలలు పెంచారు" అంటూ హైడ్రా ఏడ్చింది. సోమనను మెల్లగా వదిలి, నది దారిన జారిపోయింది. దాని వెనకే నీళ్ళు ఉరికాయి.

ఆ నీళ్ళు ముఖాన చల్లగానే సోమన కళ్ళు తెరిచాడు. "చెల్లీ, నువ్వా!" అన్నాడు. అంతవరకు బెదరని కేతకి అప్పుడు భోరుమని ఏడ్చింది.

సంతానం లేని రాజు కేతకికి పట్టం కట్టాడు. సోమన సేనాపతి అయ్యాడు. కానీ ఆ తరువాత ఏ తగవు వచ్చినా, ముందు రాణీ కేతకి వెళ్ళి మాట్లాడి వచ్చేదాకా ఆ రాజ్యంలో ఎవరూ కత్తి దూయలేదు.